ఎనిమిదో నంబరు చీటీ

ఆ శనివారం పొద్దున లైబ్రేరియన్ పెట్టుకున్న పనులు మూడే. వ్యానులో ఏసీ ఫిల్టరు మార్చాలి, స్నానం చేయాలి, పదిన్నరకల్లా అత్తగారిని ఎక్కించుకుని రేడియో స్టేషనుకు బయల్దేరాలి. ఫిల్టరు మార్చడం పది నిమిషాల పని అని ఫోనులో వీడియో చెప్పింది. ఆ వీడియోలో మనిషి వెనక అత్తగారు లేరన్న సంగతి ఆయన గమనించలేదు.

ఆ వ్యాను ఒకప్పుడు వీధి వీధికీ పుస్తకాలు మోసింది. లైబ్రరీ వాళ్లు దాన్ని వదిలించుకుంటుంటే చూడలేక ఆయనే కొనుక్కున్నాడు. ఏసీ వేస్తే చాలు, ఇరవై ఏళ్ల పుస్తకాల దుమ్ము ముఖాన కొడుతుంది. మామూలు రోజైతే నాలుగు తుమ్ములు తుమ్మి ఊరుకోవచ్చు. కానీ నలభై ఏళ్లు బట్టలు కుట్టిన అత్తగారు, మిషను ఆపాక ఒక కథ రాశారు. దాన్ని ఆవిడ గొంతుతోనే రికార్డు చేస్తామని రేడియో వాళ్లు పన్నెండింటికి రమ్మన్నారు. దుమ్ము తగిలితే ఆవిడకు గంటసేపు దగ్గు ఆగదు. అరవై ఏడేళ్లు వచ్చాక మొదటిసారి బయటివాళ్లు ఆవిడ మాట వింటామన్నారు. ఆ మాట తన వ్యానులో ఆగిపోకూడదని అల్లుడి పట్టుదల.

"మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లచ్చుగా" అంది భార్య.

"డ్యాష్‌బోర్డులో ఒక సొరుగు ఊడదీయడానికి మెకానిక్కెందుకు? అన్నిటికీ నంబర్లు వేస్తాను. ఎక్కడిదక్కడ పెట్టేస్తాను."

నంబరు వేయనిదే ఆయనకు నిద్ర పట్టదు. వాళ్లింట్లో గరిటెలకు కూడా నంబర్లున్నాయి. ఇప్పుడు చీటీలకు కాగితం కావాలి. ఒకవైపు తెల్లగా ఉన్న కాగితాన్ని వాడుకోవాలన్నది ఆయన పెట్టిన రూలే. టేబులు మీద అలాంటిది ఒకటి కనబడింది. తిప్పి చూడకుండా, స్కేలు పెట్టి పైనుంచి కిందికి తొమ్మిది ముక్కలు అడ్డంగా కోసి, కోసిన వరుసలోనే అంకెలు వేశాడు.

సొరుగు ఊడింది. స్క్రూలు, క్లిప్పులు ఒకటి నుంచి ఏడు దాకా. ఎనిమిది ఫిల్టరు మూత. తొమ్మిది ఫిల్టరు. పాతది మురికి బొంతలా బయటికొచ్చింది. కొత్తది పెట్టి, ఒక్కొక్కటీ బిగిస్తూ, పని తీరిన చీటీని కాళ్ల దగ్గరి పట్టా మీద వేస్తూ పోయాడు. అంతా అయ్యాక "ఫ్యాను పెట్టి చూడు" అన్నాడు. భార్య మీట చివరిదాకా తిప్పింది. డ్యాష్‌బోర్డు కింద సర్రుమని ఏదో చప్పుడైంది. వంగి చూస్తే పట్టా శుభ్రంగా ఉంది. చీటీలు భార్య ఏరేసిందని ఆయన, ఆయనే ఏరుకున్నాడని ఆవిడ అనుకున్నారు. పదేళ్ల కాపురంలో ఇలాంటి అనుకోవడాలు చాలా ఉన్నాయి.

సగం దారిలో గాలి సన్నగిల్లింది. లోపల టపటపమని ఏదో కొట్టుకుంటోంది. ముందు సీటులో అత్తగారు కాగితాలు తీసి, రెండుసార్లు లెక్కపెట్టారు.

"అమ్మాయ్, నా మూడో పేజీ ఏదే?"

"నీ దగ్గరే ఉండాలిగా అమ్మా."

"నాకు నోటికి రానిది అదొక్కటే. పొద్దున టేబులు మీద బోర్లా పెట్టి, చూడకుండా చెప్పుకుంటున్నాను."

లైబ్రేరియన్ కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. ఆ పేజీ ఆయనకు బాగా తెలుసు. అందులో ఒక నీతి ఉంటే బాగుంటుందని రెండు వరుసలు చెప్పి రాయించింది ఆయనే. అప్పటినుంచే ఆవిడకు ఆ పేజీ దగ్గర తడబాటు.

"అత్తయ్యగారూ, దాన్ని నేను కోసేశాను" అన్నాడు.

ఆవిడ మిగతా కాగితాలు మడతపెట్టుకున్నారు. నాలుగు తిట్టినా బాగుండును అనిపించింది ఆయనకు. వెనక్కి వెళ్లే టైము లేదు. డ్యాష్‌బోర్డు మళ్లీ టపటపమంది. పొద్దున చీటీలను ఫ్యానే లోపలికి లాగేసిందని అప్పుడు వెలిగింది ఆయనకు.

పెట్రోలు బంకులో వ్యాను ఆపి, ఈసారి నంబర్లూ గింబర్లూ లేకుండా సొరుగు లాగిపారేశాడు. మూత పీకి పక్కన గట్టు మీద పెట్టాడు. ఫిల్టరు బయటికి తీస్తే చీటీలు దాని ముఖానికి అతుక్కుని ఉన్నాయి. దుమ్మును పట్టమని పెట్టిన ఫిల్టరు ముందు కథను పట్టుకుంది. కొన్ని కింద రాలాయి. అత్తగారు వంగి అవి ఏరుకున్నారు. భార్య అంకెల ప్రకారం వరుసగా పేర్చి, రాత పైకొచ్చేలా తన నోటుపుస్తకంలో పిన్నులతో గుచ్చింది.

"ఎనిమిది లేదు" అంది.

ఆయన పట్టా ఎత్తి చూశాడు, సీటు కింద చెయ్యి పెట్టి చూశాడు, చివరికి బంకు నేల మీద పడుకుని చూశాడు. లేదు.

"ఇంక పదండి నాయనా. ఉన్నదే చదువుతాను" అన్నారు అత్తగారు. ఆయన హడావిడిగా ఫిల్టరు దూర్చి, సొరుగు తగిలించి వ్యాను తీశాడు.

స్టేషనులో అద్దం ఇవతల నిలబడి ఆయన వింటున్నాడు. దగ్గు రాలేదు. మూడో పేజీ వచ్చింది. మొదటి మిషను కొన్న రోజు. ఆరో చీటీ, ఏడో చీటీ అయ్యాయి. ఆయన కళ్లు మూసుకున్నాడు. ఆవిడ ఆగారు.

"ఇక్కడ రాసుకున్న మాట నా దగ్గర లేదు. ఉన్నమాట చెప్తాను. ఆ మిషను నాదని ఇంట్లో చెప్పడానికి వారం రోజులు ధైర్యం చాలలేదు. దాని మీద దుప్పటి కప్పి, పక్కింటివాళ్లదని చెప్పాను."

రికార్డింగు చేస్తున్నావిడ నవ్వింది, తర్వాత కళ్లు తుడుచుకుంది. బయటికొచ్చాక "ఆ ముక్క తీసేయను, కథంతా అక్కడే ఉంది" అంది. లైబ్రేరియన్‌కు సంతోషంతో పాటు సిగ్గు కూడా వేసింది.

"నా వల్ల ఒక చీటీ పోయింది అత్తయ్యగారూ. ఏమీ అనుకోకండి" అన్నాడు తిరుగు దారిలో.

అత్తగారు కళ్లజోడు పెట్టె తెరిచి, అంచులు నలిగిన చీటీ ఒకటి తీసి ఆయనకిచ్చారు. అటువైపు ఆవిడ రాతలో ఉంది: ‘కష్టపడితే ఫలితం దక్కుతుందని ఈ కథ వల్ల మనం తెలుసుకోవాలి.’

"మీరు చెప్పి రాయించిన వరుసలే నాయనా. అల్లుడి మాట కాదనలేకపోయాను. బంకులో కాళ్ల దగ్గర పడి కనబడేసరికి, పోనీలే పోయిందనుకుందాం అని దాచాను."

ఆయన చీటీ తిప్పి చూశాడు. ఇటువైపు తన రాతలోనే ‘8. ఫిల్టరు మూత’ అని ఉంది. ఆ మూత ఇప్పటికీ బంకులో గట్టు మీదే ఉంది.