అలమారా మీది గెలాక్సీ

ఆ ఉదయం చుక్కలమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. మూడు రకాల బిస్కెట్లు కాల్చాలి, డబ్బాల్లో సర్దాలి, పదకొండింటికి సమావేశంలో పెద్దలకు తినిపించాలి. ఆమె విశ్వవిద్యాలయంలో గెలాక్సీల మీద పరిశోధన చేస్తోంది. వీధివాళ్ళు ఆమెకు ఆ పేరు పెట్టింది అందుకే. పెద్ద టెలిస్కోపు మీద ఆమెకు పది రాత్రులు కావాలి. అవి దొరికితే మూడేళ్ళ పని ఒక కొలిక్కి వస్తుంది. దొరక్కపోతే అటకెక్కుతుంది.

ఆ రాత్రులు పంచే సంఘానికి అధ్యక్షుడు ఒక పెద్దాయన. ఎవరేం చెప్పినా ఓపిగ్గా చివరిదాకా విని, "అయితే ఏంటి?" అంటారు. విద్యార్థుల్లో ఆయన పేరు కూడా అదే, చివర గారు చేర్చి. ఒక గెలాక్సీలో ఏ మూలకం ఎంత ఉంటుందన్నది దాని బరువును బట్టే తేలిపోతుందని ఆయన నమ్మకం. ఆకారం, ఇరుగుపొరుగు అనేవి ఆయన దృష్టిలో ఉబుసుపోక కబుర్లు. మాటలతో ఆయన్ని గెలిచినవాళ్ళు ఇంతవరకూ లేరు. అందుకని ఆయన నాలుకకే చెప్పి చూద్దామని చుక్కలమ్మ నిశ్చయించుకుంది.

"ఉప్పంటే ఇనుమూ ఆక్సిజనూ లాంటివనుకోండి అత్తయ్యా," అంది పిండి తడుపుతూ. "సృష్టి మొదట్లో ఉన్నవి రెండు మూడు తేలిక వాయువులే. మిగతావన్నీ నక్షత్రాలు వండి వార్చినవే. గుంపు మధ్యన ఉండే గుడ్డు ఆకారం గెలాక్సీల్లో అవి మామూలుగా ఎక్కువుంటాయి. సుడి తిరిగిన వాటిలో ఓ మోస్తరు. ఆకారం లేని చిన్నవాటిలో బాగా తక్కువ."

అత్తగారు వంటగది గుమ్మం బయట కుర్చీలో కూర్చుని విన్నారు. "పక్కనున్నవాళ్ళని బట్టి గుణం మారుతుందని చెప్పడానికి ఇంత చదువు కావాలా అమ్మాయ్?"

"చెప్పడానికి అక్కర్లేదు. రుజువు చెయ్యడానికే కావాలి."

మావగారు పోయి ఏడాది కావస్తోంది. ఆయన పూటపూటా మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని "ఉప్పు తగ్గిందోయ్" అనేవారు. ఆ మాట వినబడటం మానేశాక అత్తగారు వంటగదిలోకి రావడం మానేశారు. కుర్చీ మాత్రం నెలకింత చొప్పున జరుగుతూ గుమ్మం దాకా వచ్చి ఆగింది.

చుక్కలమ్మ మూడు ముద్దలనూ సమానంగా తూచింది. గుడ్డు ఆకారానికి దండిగా, సుడి ఆకారానికి కొద్దిగా ఉప్పు వేసింది. మూడోదానికి వెయ్యలేదు. మొదటి రెండు గిన్నెలూ పొయ్యి పక్కన గట్టు మీద పెట్టింది. మూడోదానికి చోటు లేక అలమారా పైకి ఎక్కించింది. అంతలో ఆఫీసు నుంచి ఫోను. హాల్లో ప్రొజెక్టరు పనిచెయ్యడం లేదట. ఆమె ఫోను పట్టుకుని బాల్కనీలోకి నడిచింది.

దాదాపు ఏడాదికి మొదటిసారి, అత్తగారు ఆ కుర్చీ ఖాళీ చేసి వంటగదిలోకి వచ్చారు.

అత్తగారు సుడి ఆకారం ముద్ద నుంచి చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నారు. చప్పగా ఉంది. గుడ్డు ఆకారం ముద్ద రుచి చూశారు. నోరు కొట్టుకుపోయింది. ఒకదానిలో ఎక్కువ, ఇంకొకదానిలో తక్కువ. ఇంతకన్నా సులువైన సమస్య ఆవిడ సంసారంలో ఎప్పుడూ రాలేదు. ఇందులో సగం అందులో, అందులో సగం ఇందులో వేసి బాగా పిసికారు. చేతులు కడుక్కుని ఏమీ ఎరగనట్టు కుర్చీలోకి వెళ్ళిపోయారు.

తరువాత కొడుకు వచ్చాడు. అతను పళ్ళ డాక్టరు. పగలంతా జనానికి చక్కెర వద్దని చెప్పి చెప్పి, ఆ కరువంతా ఇంట్లో తీర్చుకునే మనిషి. రెండు ముద్దలూ రుచి చూసి, 'పాపం, హడావిడిలో చక్కెర మర్చిపోయింది' అనుకున్నాడు. ఆ పొరపాటును భార్య చెవిన వెయ్యకుండానే సరిదిద్దాడు.

అతని వెనకే చెల్లెలు వచ్చింది. ఆమె సంగీతం టీచరు. లోకంలో మనుషులందరినీ గొంతులుగానే చూస్తుంది. తినేది పెద్దవాళ్ళని విని, గొంతుకు మంచిదని రెండింటిలోనూ మిరియాలపొడి దట్టించింది.

చుక్కలమ్మ తిరిగొచ్చేసరికి ఆలస్యమైపోయింది. ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ముద్దలను ఆకారాలుగా చేసింది. పిండిలో నల్లటి చుక్కలు కనబడ్డాయి. పొట్టు కాబోలు అనుకుంది. కోట్ల మైళ్ళ అవతలి నక్షత్రాలను పసిగట్టే కళ్ళు మూరెడు దూరంలోని మిరియాన్ని వదిలేశాయి. రుచి చూడాలన్న ఆలోచన రానేలేదు. తూచి వేసినదాన్ని మళ్ళీ నాకి చూడటం ఆమె చదివిన చదువులో లేదు.

సమావేశంలో అయితేఏంటిగారి పక్కన రసాయనశాస్త్రం మేడమ్ కూర్చుంది. చుక్కలమ్మ ఇద్దరినీ కళ్ళు మూసుకోమంది.

"ఇప్పుడు మీరు తినే రెండింటిలో ఏది గుంపు మధ్యదో, ఏది సుడి తిరిగిందో రుచిని బట్టి చెప్పాలి సార్."

పెద్దాయన మొదటిది నమిలారు. రెండోది నమిలారు. ముఖం ఎర్రబడింది. మంచినీళ్ళ గ్లాసు ఖాళీ చేసి కళ్ళు తెరిచారు.

"రెండూ ఒకటేనమ్మా."

"ఒకటి... ఉప్పగా లేదూ?"

"రెండూ తియ్యగా ఉన్నాయి. రెండూ భగ్గుమంటున్నాయి. ఆకారాలు వేరు, సరుకు ఒకటే. మీ సిద్ధాంతాన్ని మీ బిస్కెట్లే కొట్టిపారేశాయి కదా!"

రసాయనశాస్త్రం మేడమ్ తుమ్మింది. "మిరియాలు," అంది నిర్ధారణగా, ఇంకోసారి తుమ్మి.

చుక్కలమ్మ ఒక ముక్క కొరికింది. పొద్దుటి నుంచీ ఆమె రుచి చూడటం అదే మొదలు. కళ్ళ ముందు పది రాత్రులూ వరసగా తెల్లారిపోయాయి. ఇంటికి ఫోను చేసింది. ప్రొజెక్టరు బాగుపడక బొమ్మలన్నీ తన ఫోనులోంచే హాల్లోని టీవీకి పంపుతున్న సంగతి ఆ కంగారులో మరిచిపోయింది. హాలు నాలుగు మూలల్లోని స్పీకర్లలోంచీ అత్తగారి గొంతు మోగింది.

"ఏమ్మాయ్, తిన్నారా? బాగున్నాయన్నారా?"

"అత్తయ్యా, పిండిలో ఎవరైనా ఏమైనా వేశారా?"

"వెయ్యడమేమిటి! ఉప్పు సమం చేశాను, అంతే. ఇందులోది కాస్త అందులో, అందులోది కాస్త ఇందులో."

"అమ్మా, నువ్వూ చెయ్యి పెట్టావా?" అది కొడుకు గొంతు. "నేను చక్కెర వేశానే!"

"నీ వైద్యం తగలెయ్య, అన్నయ్యా! అందుకేనా నేను వేసిన మిరియాల ఘాటులో తీపి తగిలిందీ!"

"ఆ ఘాటు నీ పుణ్యమా? వాళ్ళేమైనా కచేరీ చేస్తారనుకున్నావా?"

"ఇంకా నయం. నీ చేతిలో పడితే వాళ్ళకి పళ్ళైనా మిగిలేవా?"

హాల్లో వెనక వరుస వాళ్ళు నవ్వు ఆపుకోవడం మానేశారు. ఫోను ఎక్కడ నొక్కితే ఆగుతుందో కూడా తోచని స్థితిలో, చుక్కలమ్మకు మూడో డబ్బా కనబడింది.

"అత్తయ్యా, అలమారా మీది గిన్నెలో ఏం వేశారు?"

"దానిలో ఎవరేం వేస్తారమ్మా? అంత ఎత్తున ఒంటరిగా పెట్టావు. చెయ్యి అందితేగా!"

చుక్కలమ్మ ఫోను కట్టేసింది. మూడో రకం బిస్కెట్టు ఒకటి పెద్దాయన చేతిలో పెట్టింది. ఆయన అనుమానంగా కొరికి, నమిలి, ఆగిపోయారు.

"ఇందులో ఏమీ లేదే. ఉత్త పిండి."

"అవును సార్. పొద్దున ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. మూడు ముద్దలూ ఒకే పొట్లంలోవి. మూడింటినీ సమానంగా తూచాను. పక్కపక్కన ఉన్న రెండూ ఒకదాని సరుకు ఒకటి పుచ్చుకున్నాయి. దారిన పోయేవాళ్ళు తలా కాస్త వేసిపోయారు. ఒంటరిది ఒంటరిగానే ఉండిపోయింది." ఆమె ఊపిరి తీసుకుంది. "బిస్కెట్లు రుజువు కావు సార్. నేను చెప్పబోయింది కూడా ఇది కాదు. ఆకారాన్ని బట్టి చూపిద్దామనుకున్నాను, ఇరుగుపొరుగు దాన్ని తుడిచేసింది. ఈ రెండింటిలో దేని వాటా ఎంతో నాకూ తెలియదు. పైకి చూసి తెలుసుకుందామనే పది రాత్రులు అడుగుతున్నాను."

అందరూ ఆ రెండు మాటల కోసం ఎదురు చూశారు. పెద్దాయన మిగిలిన ముక్క నోట్లో వేసుకున్నారు. పక్కనున్న మిరియాల బిస్కెట్టు వైపు చూశారు. మళ్ళీ చేతిలోని పొడి వైపు చూశారు.

"అయితే..." అన్నారు. రెండో మాట ఎంతకీ రాలేదు. "బరువు సమానంగా ఉన్నవాటినే ఎంచుకోవాలి. గుంపులోవి కొన్ని, ఒంటరివి కొన్ని. దానికి పది రాత్రులు చాలవు. పన్నెండు రాసుకోండి."

చుక్కలమ్మ ఇంటికి వచ్చేసరికి గుమ్మం దగ్గర కుర్చీ లేదు. అది లోపల, పొయ్యి పక్కకు చేరింది. అత్తగారు అందులో కూర్చుని కూరగాయలు తరుగుతున్నారు. అన్నాచెల్లెళ్ళు గోడకు ఆనుకుని, శిక్ష కోసం వచ్చినవాళ్ళలా నిలబడి ఉన్నారు.

"మా వల్ల చెడిపోయిందా అమ్మాయ్?" అన్నారు అత్తగారు తలెత్తకుండా.

"లేదు అత్తయ్యా. మీ చేతి చలవే. కానీ గెలిపించింది మాత్రం ఆ పైన ఉన్నదే. ఎవరి చెయ్యీ పడక చప్పగా ఉండిపోయింది."

"చప్పగానా?" కత్తిపీట ఆగింది. "పెద్దవాళ్ళకి చప్పటిది పెట్టొచ్చావా! మీ మావయ్యగారు ఉండి ఉంటే..."

మాట అక్కడే ఆగింది. అత్తగారు లేచి, ఉడుకుతున్న కూర గరిటెతో తీసి, చేతిలో వేసుకుని రుచి చూశారు. "ఉప్పు తగ్గింది," అన్నారు. కోడలు డబ్బా అందించింది.

మర్నాడు ఉదయానికి అలమారా పక్కన ఒక ఎత్తయిన స్టూలు వెలిసింది.