ఫోటో తీసేలోగా ఎంచిలాడ

భోజనాల బల్ల దగ్గర ఫోన్ పైకి తీసేవారి చేతికి బంగారు కంకణం తొడగాలి! నవ్వకండి. పూర్తి స్పృహలో ఉండే ఈ మాట అంటున్నాను.

"తిండి ముందు ఫోటోలేమిటి, కలికాలం కాకపోతే!" అని వాపోయే పెద్దమనుషులారా, ఒక్కసారి మెక్సికో దేశం గ్వానాహ్వాతోలో మా వంటింటికి దయచేయండి. ఎంచిలాడలు చేసే రోజున రండి. అయితే గుమ్మంలోనే నిలబడండి. లోపల చోటు లేదు, ఉన్న చోటల్లా ఫోన్ స్టాండ్ ఆక్రమించింది.

మా ఇంట్లో ఎంచిలాడలు చేసే తెక్లాను నేనే. పని చూడటానికి తేలిక. మొక్కజొన్న రొట్టెను ఎండుమిర్చి ముద్దలో ముంచాలి. కాగే పందికొవ్వులో వేయాలి. తడి రొట్టె పడగానే కొవ్వు చిటపటమని ముంజేతుల మీద ముగ్గు పెడుతుంది. రొట్టె చిరగకముందే తీసి, ఉల్లిముక్కలూ తెల్ల చీజూ పెట్టి, వేళ్ళు కాలుతున్నా చుట్టేయాలి. మడత కిందికి వచ్చేలా పళ్ళెంలో సర్ది, పైన వేయించిన బంగాళాదుంపలు, క్యారెట్లు వేయాలి. ఇక అప్పుడే, అక్కడికక్కడే తినాలి. కాస్త ఆగితే అంచుల కరకర పోతుంది, చీజ్ బిగుసుకుంటుంది, తడిసిన తువ్వాలు నములుతున్నట్టుంటుంది.

అందుకే మా ఊళ్ళో ఎంచిలాడలు చుట్టే మనిషి కూర్చోదు. మా అమ్మ కూర్చోలేదు. వాళ్ళమ్మా కూర్చోలేదు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫర్వాలేదంటారు కదా! ఇక్కడ వడ్డించేదాన్ని సాక్షాత్తూ నేనే. నాకు కడబంతి కూడా లేదు. అందరూ లేచాక, చిరిగిపోయినవీ చల్లారినవీ పొయ్యి పక్కన నిలబడి తినడమే. బల్ల దగ్గర నా పేర కుర్చీ అయితే ఉంది. దాని మీద ఇంతకుముందు పిల్లి పడుకునేది. ఇప్పుడు అందరి ఫోన్లూ ఛార్జింగ్ పెట్టుకుని పడుకుంటున్నాయి.

ఫోన్లు లేని చీకటి యుగం ఎలా ఉండేదో చెప్తాను వినండి. నేను రెండోది చుట్టేలోగా మొదటిది మా ఆయన ప్లాసిదో కడుపులో ఉండేది. "తెక్లా, ఇంకో రెండు పడెయ్! ఏం చేస్తున్నావక్కడ, నిద్రపోతున్నావా?" అని కేక. పక్కనే మా అబ్బాయి నాబోర్, తండ్రికి తగ్గ కొడుకు, నోరు తెరుచుకుని తయారు. కొవ్వు కాగడానికైనా వ్యవధి ఇచ్చేవారు కాదు.

అలాంటి ఇంటికి కోడలు వచ్చింది. పేరు యారెత్సి. ఆ పిల్ల కుడికాలు ముందు పెట్టిందో ఎడమకాలు ముందు పెట్టిందో నేను చూడలేదు గానీ, అన్నిటికంటే ముందు ఫోన్ పెట్టింది.

"ఆగండాగండి! ఎవరూ ముట్టుకోకండి!" అని మొదటి ఆదివారమే అరిచింది. పళ్ళేన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. కుర్చీ ఎక్కింది. చెయ్యి చాచిన మామగారి వేళ్ళ మీద ఒక్కటి వేసింది. "మామయ్యా, ఇంకా యాంగిల్ కుదరలేదు!"

పూజలో పాదిరిగారు పది నిమిషాలు ఎక్కువ మాట్లాడితే చర్చి బయటికొచ్చి సిగరెట్టు వెలిగించే ప్లాసిదో, ఎంచిలాడ ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు! ఇంతకు మించిన అద్భుతం ఏ సాధువు చేశాడో చెప్పండి!

ఆ జబ్బు అందరికీ అంటుకుంది. ప్లాసిదో సెలాయాలో ఉన్న తమ్ముడికి ఫోటో పంపుతాడు, తమ్ముడు గుండె బొమ్మ పంపుతాడు, దానికి ఈయన ఇంకో గుండె బొమ్మ. నాబోర్ లైకులు లెక్కపెడతాడు. మోకాళ్ళు అరిగిపోయి, సొంత పొయ్యి ఆర్పేసుకుని అదే ఏడాది మా ఇంటికి చేరిన మా అత్తగారు దోన్యా దొమితిలా, కెమెరా వైపు ఎడమ చెంపే తిప్పాలని నేర్చుకున్నారు. ఎక్కడో మాంతెర్రేలో ఉన్న ఎవరో మహాతల్లి "ఆ చుట్టే చెయ్యి ఎవరిది, గోళ్ళ రంగు వేసుకోదా?" అని కామెంట్ పెట్టింది. చూశారా, నా చేతికి కీర్తి! మణికట్టు దాటి నేను ఏ ఫోటోలోనూ లేను. అయితేనేం?

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను, కాస్త దగ్గరికి రండి.

వాళ్ళు అలా ఫిల్టర్లు వెతుక్కుంటున్న ఒక ఆదివారం, నేను పొయ్యి వైపు తిరిగి, ఒకటి చుట్టుకుని, నోట్లో పెట్టుకున్నాను. వేడిది. అంచు కరకరమంది. లోపల చీజ్ ఇంకా మెత్తగా ఉంది. ఇన్నేళ్ళూ నేను చేసిపెడుతున్నది ఇదా అనుకున్నాను. కళ్ళ వెంబడి నీళ్ళొచ్చాయి. ఉల్లిపాయ మీదకి నెట్టేశాను.

ఇప్పుడు చెప్పండి, ఫోన్ వరమా కాదా? అప్పటినుంచి నేనూ ఆ కళలో ఆరితేరాను. "అమ్మాయ్, ఆ క్యారెట్ ముక్క మసకగా వచ్చిందేమో చూడు," అంటాను. మళ్ళీ తీస్తుంది. నాకు ఒక ఎంచిలాడ గిట్టుబాటు. "అత్తగారి జుట్టు చెదిరింది," అంటాను. ఇంకొకటి! మంచి వెలుతురున్న రోజున కడుపు నిండేది.

ఇలా హాయిగా సాగిపోతుండగా సెప్టెంబరులో, నాకు ఎవరి పేరు పెట్టారో ఆ సాధ్వి తెక్లా పండుగ వచ్చింది. అంటే మా లెక్కన నా పండుగే. నా పండుగకి ఎంచిలాడలు ఎవరు చేయాలి? నేనే! "నీ చేతివైతేనే తెక్లా, ఇంకెవరు చేసినా నోటికి ఎక్కవు," అన్నాడు ప్లాసిదో. మెచ్చుకోలు అనే తాడుతో మనిషిని పొయ్యికి కట్టేయడం ఎలాగో ఈయన దగ్గర నేర్చుకోవాలి.

యారెత్సి ఆ రోజు లైవ్ పెట్టింది. పళ్ళేలు చూపించింది, మందార షర్బత్తు చూపించింది. నేను యథావిధిగా వెనక్కి తిరిగి నా పనిలో ఉన్నాను. "ఇక ఈ రోజు పండుగ ఎవరిదో చూద్దామా!" అంటూ ఆ పిల్ల చెప్పాపెట్టకుండా ఫోన్‌ని నా వైపు తిప్పింది.

రెండు బుగ్గలూ నిండి ఉన్నాయి. గడ్డం మీద కారం కారుతోంది.

"దొరికింది దొంగ!" అన్నారు అత్తగారు.

"ఏంటే, మాకంటే ముందు నువ్వు తింటున్నావా?" అన్నాడు ప్లాసిదో.

నమిలి మింగాను. తొందరేముంది? "వేడిగా ఉన్నాయయ్యా," అన్నాను.

"మావి చల్లారిపోయాయి కదే!"

"నావి పెళ్ళయిన దగ్గర్నుంచీ చల్లారినవే."

యారెత్సి లైవ్ ఆపేసింది. అప్పుడు దోన్యా దొమితిలా మెల్లిగా అడిగారు. "ఒసేయ్ తెక్లా, వేడిగా తింటే అంత బాగుంటాయా?"

"మీకు తెలీదా అత్తయ్యా?"

"ఎలా తెలుస్తుందే? నా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నిలబడి చల్లారినవి తిన్నాను. కూర్చునే యోగం పట్టేసరికి ఈ ముదనష్టపు ఫోన్లొచ్చాయి!"

అంటూనే లేచారు. రొట్టెల బుట్టలోంచి రొట్టెలు నా ముందు పెట్టి, నా కుర్చీ మీది ఫోన్లూ, యారెత్సి చేతిలోదీ అందులో వేసి, రొట్టెల మీద కప్పే గుడ్డ కప్పేశారు. "ఏరా ప్లాసిదో, నువ్వు ముంచు. నాబోరూ, నువ్వు వేయించు. అమ్మాయ్, నువ్వు చుట్టు. నువ్వు ఇలా వచ్చి కూర్చోవే!"

కూర్చున్నాను. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి అని నాకు ఆ రోజే తెలిసింది.

ప్లాసిదో మోచేతుల దాకా ఎర్రబడ్డాడు. నాబోర్ కొవ్వు చింది "అమ్మోయ్!" అని గెంతాడు. బుట్టలో ఫోన్లు ఒకటే మోగడం. సెలాయా తమ్ముడు కాబోలు. ఎత్తేదెవరు? కారం చేత్తో ఫోన్ పట్టుకుంటే అద్దం మీద మరక తప్ప మాట రాదు. యారెత్సి మోచేత్తో ప్రయత్నించి, బుట్టను బోర్లా పడేయబోయి ఊరుకుంది.

మా ముందుకొచ్చిన ఎంచిలాడలు చూడముచ్చటగా లేవు. రొట్టె నడుముకు చిరిగింది, చీజ్ బయటికొచ్చింది, ఉల్లిపాయ సగం బల్ల మీదే ఉంది. అత్తగారు మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, చాలాసేపు కళ్ళు మూసుకుని నమిలారు. "ఉప్పు తక్కువ," అన్నారు. రెండోది తీసుకున్నారు. దానికి ఫోటో లేదు. నా మాట మీరు నమ్మవలసిందే.

ఇప్పుడు ప్రతి ఆదివారం ప్లాసిదో పొద్దున్నే ఫోన్ స్టాండ్ తుడిచి పెడుతున్నాడు. "ఈసారి నేను వీడియో తీస్తానే," అంటాడు గారంగా. కారం ముద్ద నుంచి తప్పించుకోవాలని పాపం. అత్తగారు బుట్ట తెచ్చి ముందు పెడతారు.

అయినా నేను మాట మార్చను. ఫోన్ వరమే! కంకణం తొడగాల్సిందే! ఇన్నేళ్ళు ఆ బల్ల దగ్గర, నా వీపుకి రెండు బారల దూరంలో కూర్చున్న వాళ్ళకి, నేను తిన్నానో లేదో కనిపించడానికి ఒక కెమెరా కావలసి వచ్చింది మరి.