జుట్టు లేపే గుండుకు రబ్బరు పట్టీ

విజ్ఞానం ఏ ఒక్కరి సొత్తూ కాదు. కాబట్టి దాని యంత్రం చెడిపోతే బాగుచేయించుకునే హక్కు కూడా ఏ ఒక్కరికీ లేదని ప్రాంతీయ విజ్ఞాన ప్రదర్శనశాలల పరస్పర సహకార మండలి తన ఏడో నియమంలో తేల్చి చెప్పింది. (మొదటి ఆరు నియమాలూ ఏడోదాన్ని ఎలా చదవాలో చెబుతాయి.)

సిద్దిపేట సైన్సు మ్యూజియంలో పదహారేళ్లుగా పనిచేస్తున్న షబ్బీర్‌కు ఈ సంగతి తెలియదు. టికెట్లు చింపేదీ, యంత్రాలకు నూనె పోసేదీ, గ్రహాల పేర్లు చెప్పేదీ అతనే. పిల్లలు మాత్రం వచ్చేది జుట్టు లేపే గుండు కోసం. నున్నటి ఆ ఇనుప గుండు మీద చెయ్యి పెడితే, లోపల రబ్బరు పట్టీ గిరగిరా తిరిగి, నెత్తి మీది వెంట్రుకలన్నీ నిక్కబొడుచుకుంటాయి. దసరా వెళ్లిన వారానికి ఆ పట్టీ పుటుక్కున తెగింది.

సరిగ్గా అప్పుడే నంగునూరు బడి నుంచి సింధుజ టీచరు ఫోన్ చేసింది.

"అన్నా, జనవరిల మా ఏడో తరగతిని తోల్కొస్తున్న. జుట్టు మంచిగ లేవాలని పిల్లలు ఇప్పటిసంది తలకు నూనె బంద్ పెట్టిన్రు. గుండు నడుస్తది గద?"

"నడుస్తది మేడం," అని మాట ఇచ్చేసి, షబ్బీర్ ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

మండలి కన్వీనర్ ఓంప్రకాశ్‌కు ఫోన్ చేశాడు. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"చూడు షబ్బీర్, నీ ఒక్కని పట్టీ తెగితే గది నీ కర్మ. నలుగురివి తెగితే గది ప్రాంతీయ అవసరం. మేం అవసరానికే నిధులిస్తం."

"మిగతా మూడు మ్యూజియంలల్ల మంచిగనే నడుస్తున్నయి సార్."

"అంటే వాళ్లకు సహకరించే గుణం లేదంటవా?"

ఉందని మర్నాడే రుజువైంది. తోటి సంస్థ కోసం ఆమాత్రం చేయలేమా అని ముగ్గురు క్యూరేటర్లూ తమ పట్టీలు కత్తిరించి ఫొటోలు పంపారు. (ఒకాయన కత్తెర దొరక్క కూరగాయల కత్తి వాడాడు. మండలి దాన్ని స్థానిక వనరుల వినియోగంగా నమోదు చేసింది.) ఫొటోలు చూసి షబ్బీర్‌కు కళ్లనీళ్లు తిరిగాయి. తన కోసం ఇంత చెడగొట్టుకున్నవాళ్లు చుట్టాల్లో కూడా లేరు.

ఉమ్మడి దరఖాస్తు వెళ్లింది. నాలుగు పట్టీల వెడల్పూ ఒకటేనా అని తేల్చడానికి ఉపసంఘం ఏర్పడింది. తెగిన పట్టీని కొలిస్తే ప్రామాణికం కాదు కనుక, నడుస్తున్న పట్టీ ఒకటి పట్టుకొచ్చి చూపించాలని ఉపసంఘం నాలుగు మ్యూజియంలకూ లేఖలు రాసింది. నాలుగూ విచారం వ్యక్తం చేస్తూ జవాబు రాశాయి.

జనవరి వచ్చింది. పిల్లలు వచ్చే రోజు పొద్దున్నే షబ్బీర్ తల్లి హుస్సేన్ బీ మంచం మీద కూర్చుని, పసుపుపచ్చ రబ్బరు పట్టీ పాదానికి తగిలించి కాలు చాపుతోంది. మోకాళ్ల నొప్పికి దవాఖానలో ఇచ్చిన పట్టీ అది. రోజూ ఇరవైసార్లు లాగితేనే ఆమె లేచి వాకిట్లోకి రాగలదు. షబ్బీర్ చాయ్ తాగడం మరిచి దానివైపే చూశాడు.

"ఏంది బేటా, గట్ల చూస్తున్నవ్?"

"అమ్మీ, గది ఒక్కరోజు ఇస్తవా? మల్ల తెచ్చిస్త."

"పిల్లలకు మాట ఇచ్చినవ్ గద. తీస్కపో."

దారిలో ఇజాజ్ పంక్చర్ షాపులో సొల్యూషన్ పూయించి, రెండు కొసలూ అతికించి బిగించాడు. గుండు నడిచింది. సుమయ్య అనే పిల్ల పీట మీద నిలబడి చెయ్యి పెట్టగానే, మూడు నెలలుగా నూనె ఎరగని ఆ జుట్టు నలుదిక్కులా లేచి నిలబడింది. ఆ పిల్ల పీట దిగనంటే దిగనంది. పదహారేళ్లలో షబ్బీర్ అంత సంతోషపడింది లేదు.

టీచరు ఆ వీడియో గ్రూపులో పెట్టింది. ఓంప్రకాశ్ చూశాడు. చివాట్లు తప్పవని షబ్బీర్ అనుకున్నాడు గానీ, మండలి పొంగిపోయింది. సహకారం ఫలించిందనీ, అవసరం తీరిపోయినందున నిధుల ఫైలు మూసేశామనీ, పసుపు పట్టీని ఉమ్మడి ఆస్తిగా నమోదు చేశామనీ ఉత్తర్వు వచ్చింది. నాలుగు మ్యూజియంలూ దాన్ని తలా మూడు నెలలు వాడుకోవాలి. సిద్దిపేట వంతు వాడేసినట్టే లెక్క. ఆ వారమే ఒక మనిషి ఇంటికే వచ్చి, రసీదు ఇచ్చి పట్టీ పట్టుకుపోయాడు.

"బేటా, అండ్ల నా వంతు ఎప్పుడొస్తది?" అంది హుస్సేన్ బీ మంచం మీది నుంచే.

షబ్బీర్ తల దించుకుని మండలికి అర్జీ రాశాడు. మండలి చరిత్రలో మొదటిసారి నాలుగు రోజుల్లోనే జవాబు వచ్చింది. అర్జీని సానుభూతితో పరిశీలించామనీ, అయితే ఒక్కరి మోకాలు ప్రాంతీయ అవసరం కిందికి రాదు కనుక, మరో మూడు చెడిపోయిన మోకాళ్లతో కలిసి ఉమ్మడిగా దరఖాస్తు చేసుకోవలసిందనీ అందులో ఉంది.