సంచిగారి ఉత్తీర్ణత

విద్యకూ విద్యార్థికీ మధ్య అనాదిగా కొంత ఖాళీ ఉంది. ఎందరో మహామహులు ఆ ఖాళీని పూడ్చాలని చూసి, పూడ్చలేక, వయసైపోయి వెళ్ళిపోయారు. బెంగాల్లోని మా ఖరగ్‌పూర్‌లో మాత్రం ఆ సమస్య తీరిపోయింది. ఆ ఖాళీలో ఒక ఆఫీసు పెట్టారు.

దాని పేరు వయోజన విద్యా ఉపాధి అనుసంధాన కేంద్రం. పూరీ గేటు దగ్గర, గోడలు పెచ్చులూడిన ఒక పాత ఇంట్లో ఉంది. పెద్దవయసులో చదువుకోవాలనుకునేవాళ్ళను చదువుతోనూ, ఆ చదువును ఉద్యోగంతోనూ కలపడం దాని ఆశయం. గుమ్మం మీద "చదవడం రానివారు ఇక్కడ సంప్రదించండి" అని తెలుగు, బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు భాషల్లో బోర్డు కట్టారు. (ఏ భాష చదవడం రానివాళ్ళకు ఆ భాషలోనే బోర్డు ఉండాలని కేంద్రం పట్టుదల.) ప్రారంభోత్సవం నాడు సంచాలకులు గోపాలం గారు మాట్లాడుతూ, నేర్చుకోవడానికి వయసు ఏనాడూ అడ్డు కాదన్నారు. వయసు ధ్రువీకరణ పత్రం లేకపోతేనే అడ్డు అని చివర్లో చేర్చారు. అందరం చప్పట్లు కొట్టాం.

నేను రైల్వే ఆఫీసులో గుమాస్తాగిరీ చేసి రిటైరైనవాణ్ణి. మా వీధిలో ఎవరి చేతికి ఏ కాగితం వచ్చినా తిన్నగా నా అరుగు మీదికి తెస్తారు. అప్పలనర్సమ్మ అలాగే వచ్చింది. నిమ్‌పురా రైల్వే యార్డులో పనిచేసిన భర్త పోయాక, ఆవిడ ఖరిదాలో ఒక పిల్లల బడిలో ఆయమ్మగా చేస్తోంది. ముక్కులు తుడవడం, బూట్ల తాళ్ళు కట్టడం, తల్లిదండ్రులు ఆలస్యంగా వస్తే ఆఖరి పిల్ల వెళ్ళేదాకా కూర్చోబెట్టుకోవడం ఆవిడ పని. బడివాళ్ళు కొత్త నియమం పెట్టారు. గేటు లోపల ఉండే ప్రతి మనిషికీ చదవడం, రాయడం వచ్చి ఉండాలట. దసరా పూజో సెలవుల్లోగా రుజువు తేకపోతే మానుకోవాలట.

"నీకు భయంగా ఉందా?" అని అడిగాను.

"పనిపోతాదని బయ్యం ఉన్నాది. కానీ బాబూ, సదువు నాకూ కావాల," అంది. "పిల్లలు కతల పుస్తకం తెచ్చి సదవమంటారు. నాను బొమ్మ సూసి నోటికొచ్చిన కతేదో సెప్తాను. మొన్న ఒక గుంట పట్టేసినాది. ఆయమ్మా, నువ్వు పేజీ తిప్పకుండానే కత అయిపోనాదే, అన్నాది."

"నువ్వేమన్నావు?"

"ఏటంటాను. సిగ్గేసినాది. దానికింకా పాలపళ్ళు కూడా ఊడనేదు."

ఆ మాట నన్ను బాధపెట్టింది. కేంద్రానికి వెళ్ళమని సలహా ఇచ్చాను. బాధపడినప్పుడు సలహా ఇవ్వడం మా ఇంట్లో తాతల నాటి అలవాటు.

ఇక్కడ మా ఊరి కుళాయి ధర్మం గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. మా కాలనీల్లో కుళాయి తనకు బుద్ధి పుట్టినప్పుడు వస్తుంది. మగవాళ్ళు షిఫ్టులో ఉంటారు, ఆడవాళ్ళు పనుల్లో ఉంటారు. అందుచేత లైన్లో మనిషి నిలబడడు. బిందె నిలబడుతుంది. బిందె లేకపోతే డబ్బా, డబ్బా లేకపోతే ఇటుక, అదీ లేకపోతే చెప్పు. ఏది పెట్టినా మనిషి ఉన్నట్టే లెక్క. జోగమ్మ బిందె ముందు దూరితే జోగమ్మ ముందు దూరినట్టే. మాటల్లేని అత్తాకోడళ్ళు కూడా లైను కదిలినప్పుడు ఒకరి బిందె ఒకరు ముందుకు జరుపుతారు. ఎదుటివాళ్ళ బిందె పక్కకు తన్నినవాడికి ఈ ఊళ్ళో పిల్లనివ్వరు. ఈ ధర్మంలో ఒకే ఒక షరతు ఉంది. నీళ్ళొచ్చేసరికి మనిషి రావాలి.

కేంద్రం పదింటికి తెరిచి అయిదింటికి మూస్తారు. పెద్దవయసు విద్యార్థులు అందరూ సరిగ్గా ఆ వేళల్లోనే పనుల్లో ఉంటారు. (సాయంత్రం తెరవచ్చు కదా అని ఎవరో అడిగితే, సిబ్బందికి సంసారాలున్నాయని కేంద్రం జవాబిచ్చింది. విద్యార్థుల సంసారాల మీద కేంద్రం వద్ద సమాచారం లేదు.) అప్పలనర్సమ్మ పొద్దున బడికి వెళుతూ, కిరాణా కొట్టువాళ్ళిచ్చిన పసుపు గుడ్డసంచిలో ఒక రాయి వేసి, కేంద్రం వరండాలో లైన్లో పెట్టి వెళ్ళిపోయింది. ఆవిడ వెనక ఒక గొడుగు, టిఫిన్ క్యారియరు, ఇటుక వచ్చి నిలబడ్డాయి.

వరండాలో ఒక టీవీ ఉంది. అందులో పాఠం దానంతటదే నడుస్తూ ఉంటుంది. లోపల గదులు చాలవు కనుక లైన్లో గడిపిన సమయాన్నే తరగతి సమయంగా పరిగణించాలని గోపాలం గారు మొదట్లోనే ఉత్తర్వు ఇచ్చారు. మా ఊళ్ళో లైన్లంటూ ఉన్నాక విద్యకు కొరత ఉండదని ఆయన దూరదృష్టి.

హాజరు వేసే బాధ్యత రాజ్ కిరణ్‌ది. మా తెలుగు కుర్రాడే. చేతిలో ట్యాబు, నెత్తిమీద టార్గెట్. యాప్ ఫోటో అడిగింది, లైన్ ఫోటో తీశాడు. అభ్యర్థి స్థానంలో ఉన్నారా అని అడిగింది, ఉన్నారని నొక్కాడు. అటూ ఇటూ కదులుతున్నారా, లేదు. పక్కవారితో మాట్లాడుతున్నారా, లేదు. పాఠం వైపు ఉన్నారా, ఉన్నారు. యాప్ సంతోషించి ఆకుపచ్చ రంగు చూపించింది. ఆ కేంద్రంలో ఆ రంగు రావడం అదే మొదలు.

తర్వాత పేరు అడిగింది. రాజ్ కిరణ్ సంచి మీద ఉన్నది చదివి, ఉన్నదున్నట్టు కొట్టాడు: జగ్గారావు అండ్ సన్స్, ఖరిదా బజార్. సంచి మీద కొట్టు స్థాపించిన సంవత్సరం కూడా అచ్చేసి ఉంది. పుట్టిన సంవత్సరం కింద అది చక్కగా సరిపోయింది. తండ్రి పేరు దగ్గర కాస్త తటపటాయించాడు. కొడుకులున్నాయన కనుక ఆయన ఎలాగూ తండ్రే అని నిర్ణయించుకుని, ఆ పేరే మళ్ళీ కొట్టాడు. కుర్రాడిలో అబద్ధం లేదు.

వారాలు గడిచాయి. పసుపు సంచి ఒక్క పూటా మానలేదు. (పొద్దున పెట్టి రాత్రికి తీసుకుపోవడం అప్పలనర్సమ్మ మానలేదు కనుక.) టిఫిన్ క్యారియరు మధ్యాహ్నం భోజనాల వేళ కనబడడం లేదని హెచ్చరిక అందుకుంది. వానలు మొదలవగానే గొడుగు చదువు మానేసింది. ఇంటి అవసరాలు అలాంటివి. ఇటుక మంచి విద్యార్థే, కానీ దాని మీద పేరు లేకపోవడంతో ఎక్కడా ఎదగలేకపోయింది.

బడికి సెలవొచ్చిన ఒకరోజు అప్పలనర్సమ్మ స్వయంగా వెళ్ళింది. నన్నూ తోడు రమ్మంది.

"నాను అప్పలనర్సమ్మని బాబూ, సదువుకి వచ్చినాను," అంది రాజ్ కిరణ్‌తో.

"ఈ జాగాలో ఆల్రెడీ క్యాండిడేట్ ఉన్నారు దీదీ."

"అది నా సంచి."

"సంచి మీదే. అడ్మిషన్ సంచిది. సిస్టమ్‌లో ఎక్కిపోనాది."

"అయితే దిగిపొమ్మను."

"దిగితే డ్రాపౌట్ అవుతాది. ఉన్నవాళ్ళలో బాగా నడుస్తున్నది అదొక్కటే. పైవాళ్ళు నన్నడుగుతారు."

"పోనీ నన్ను కొత్తగా ఎక్కించు బాబూ. నాను ఎనకనే నిలబడతాను."

రాజ్ కిరణ్ ట్యాబు చూసి తల అడ్డంగా ఊపాడు. పాపం, అతనికీ ఇబ్బందిగానే ఉంది. "ఇంటికి ఒక్క సీటే దీదీ. మీ ఇంటి సీటు సంచికి పోనాది. సార్‌ని అడగండి. సార్ ఠీక్ హై అంటే నాకేటి."

సంచాలకుల గదిలోకి వెళ్ళాం. గోపాలం గారి కుర్చీ వీపు మీద ఆయన కోటు ఉంది. మండు వేసవిలోనూ ఆ కోటు అక్కడే ఉంటుంది. కోటు కుర్చీ మీద ఉన్నంతసేపూ సార్ ఆఫీసులో ఉన్నట్టే. (ఆ సమయంలో సార్ ఎక్కడుంటారన్నది వేదాంతానికి సంబంధించిన ప్రశ్న. "ప్రజలకు ముఖాముఖి సేవ" అనే అంశంపై కలకత్తాలో సదస్సుకు వెళ్ళారని ఒకరన్నారు.) కోటు ఎదుట నిలబడ్డాం. చాలాసేపు నిలబడ్డాం. నాకు ఒళ్ళు మండిపోయింది.

"గట్టిగా అడుగు నర్సమ్మా. వరండాలోకి వచ్చి అరువు," అన్నాను.

"ఎలగ అరుస్తాను బాబూ," అంది. "కోటెట్టి ఎల్లినారు గదా. జాగా ఆయనిదే. కుళాయి కాడ మనవూ అలగే గదా సేస్తాం."

నలభై ఏళ్ళుగా మా ఇంటి బిందె కూడా ఆ ధర్మం మీదే నిండుతోంది. ఒక్క తేడా ఉంది. నీళ్ళొచ్చేసరికి మనిషి రావాలని కుళాయి దగ్గర షరతు. ఆఫీసులో నీళ్ళు రావు కనుక ఆ షరతుతో పనిపడలేదు.

ఆ తర్వాత ఉద్యోగ అనుసంధాన ముఖాముఖి జరిగింది. ఈ కుర్చీలో కోటు, ఎదుటి కుర్చీలో సంచి. రాజ్ కిరణ్ ఫోటో తీశాడు. అభ్యర్థి తాలూకు బంధువులకు లోపల ప్రవేశం లేదు కనుక అప్పలనర్సమ్మను బయట కూర్చోబెట్టారు. ఆవిడ తలుపు సందులోంచి చూస్తూనే ఉంది.

"మా సంచి ఏమీ బయపడనేదు బాబూ," అంది నాతో, కొంచెం గర్వంగానే.

యాప్ తన అభిప్రాయం ఇచ్చింది. అభ్యర్థి పూర్తిగా నిశ్శబ్దంగా విన్నారు. ఎదురు ప్రశ్నలు వేయలేదు. బరువు మోయగలరు. ఎక్కడ పెడితే అక్కడ ఉంటారు. ఏ సంస్థలోనైనా, ఏ స్థాయిలోనైనా రాణిస్తారు. నా సర్వీసంతటిలో అంత మంచి రిమార్కు నాకెవరూ రాయలేదు.

పూజోకి ముందు పత్రాల ప్రదానం పెట్టారు. కేంద్రం చరిత్రలో మొదటి ఉత్తీర్ణత కాబట్టి షామియానా వేశారు, మైకు పెట్టారు. అధ్యక్షస్థానంలో కోటు ఉంది. అప్పలనర్సమ్మ ఉతికిన నేత చీర కట్టుకుని, సంచిని కూడా ఉతికి, ఆరబెట్టి తెచ్చింది. సంచి చేతులెత్తలేదు కనుక పత్రం అందుకోవడానికి సహాయకురాలిగా ఆవిడను వేదిక మీదికి రానిచ్చారు. ఫోటోలో ఆవిడ సగమే పడింది. సంచి పూర్తిగా పడింది.

పత్రం బడికి వెళ్ళింది. ప్రధానోపాధ్యాయిని బెంగాలీ ఆవిడ, అందరూ దీదీమణి అంటారు, మంచి మనిషి. పత్రంలో జగ్గారావు అండ్ సన్స్ అని ఉంటే ఆవిడ అనుమానించలేదా అని మీరడగవచ్చు. తెలుగువాళ్ళ ఇంటిపేరు ఎంత పొడవైనా ఉండవచ్చని మా ఊరి బెంగాలీలకు గట్టి నమ్మకం. ఆవిడ దాన్ని ఇంటిపేరనుకుని, అప్పలనర్సమ్మ పేరు ముందు శ్రద్ధగా చేర్చి, సంతకం పెట్టేసింది. అలా ఉద్యోగం నిలబడింది. జగ్గారావు కొట్టులో ఇప్పుడు పప్పూ బెల్లం కొనకపోయినా సంచి అడిగేవాళ్ళు ఎక్కువయ్యారని వినికిడి.

పని దక్కాక అప్పలనర్సమ్మ మళ్ళీ కేంద్రానికి వెళ్ళింది. ఇప్పుడు తొందరేం లేదు, అక్షరాలు మాత్రం నేర్పించమని అడిగింది. రాజ్ కిరణ్ ట్యాబులో చూశాడు. ఆ ఇంటికి సంబంధించి నిరక్షరాస్యత నిర్మూలన పూర్తయిందనీ, పూర్తయినదాన్ని మళ్ళీ తెరవడానికి సిస్టమ్‌లో దారి లేదనీ చెప్పాడు. లోపల కోటు ఉంది.

బడిలో ఆ పాప ఇప్పటికీ పుస్తకం పట్టుకొస్తుందట. ఆయమ్మ ఇప్పుడు కథ చెబుతూ మధ్యమధ్య పేజీలు తిప్పుతోందట. ఇదంతా నడిచాక ఆవిడలో వచ్చిన మార్పు అదొక్కటే.

నిన్న సాయంత్రం రైల్వే వర్క్‌షాపు సైరన్ మోగాక నా అరుగు మీదికి వచ్చింది. సంచిలోంచి పత్రం తీసి, మడత విప్పి, చీరకొంగుతో తుడిచి నా చేతికిచ్చింది.

"ఇందల ఏటి రాసినారు బాబూ? నాకు ఎవులూ సదివి సెప్పనేదు."

కళ్ళజోడు పెట్టుకుని చదివాను. పైన పేరు చదివాను, కింద గోపాలం గారి సంతకం చదివాను. మధ్యలో ఉన్న వాక్యం దగ్గర కాసేపు ఆగవలసి వచ్చింది. ఆవిడ నా ముఖంలోకే చూస్తోంది. తప్పించుకునే వీలు లేక అది కూడా చదివాను. "ఈ పత్రం పొందినవారికి చదవడమూ రాయడమూ వచ్చునని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది."

అప్పలనర్సమ్మ పత్రం మళ్ళీ మడతపెట్టి సంచిలో జాగ్రత్తగా దాచుకుంది. లేచి నిలబడి సంచిని భుజానికి తగిలించుకుంది.

"పోన్లెండి బాబూ," అంది. "మా ఇంట్లో ఒకరికైనా వచ్చినాది."