నలభై ముగ్గురు ఘనకేసరులు

నాంచారమ్మకు ఐదేళ్ళు. ఎక్కడ కూర్చోవాలన్నా ముందు మూతితో నేలను రెండుసార్లు తవ్వి, వాసన చూసి గానీ కూర్చోదు. ఒక పెద్ద అడవిలో ఆరుగురు పిల్లలను వెంటేసుకుని తిరిగే అడవిపందికి ఆ అలవాటు ఉండటంలో వింతేమీ లేదు. కాకపోతే ఆ అలవాటు వల్లే ఒకరోజు ఆమె మూతికి తడి తగిలింది.

తొమ్మిది రోజులు తవ్వింది. పదో రోజుకు గుంట నిండా నీళ్ళు, చుట్టూ మెత్తటి బురద. అందరూ దాన్ని పందిగుంట అన్నారు. ఆమె దానికి ఏ పేరూ పెట్టలేదు. పిల్లలను అందులోకి దింపి హమ్మయ్య అనుకుంది. పందులకు చెమట పట్టదు. ఎండాకాలంలో బురద దొరక్కపోతే ఒళ్ళు ఉడికి చస్తాయి.

పిల్లల తండ్రి రెండు కొండల అవతల ఉంటాడు. పిల్లలు పుట్టారని కబురు చెబితే తల ఊపాడట.

ఆ అడవికి రాజు ఘనకేసరి అనే సింహం. ఆయన తండ్రి పేరు ఘనకేసరి. తాత పేరూ ఘనకేసరే. ఆ ఇంట్లో మగపిల్లాడు పుడితే ఆ పేరు పెడతారు. ఆడపిల్ల పుడితే పెద్దది, రెండోది, మూడోది అని పిలుస్తారు. రాణిగారు పుట్టింట్లో రెండోది. ఇక్కడికొచ్చాక రాణిగారు. అంతకుమించి ఆవిడకు పేరున్నట్టు ఎవరికీ తెలీదు. ఆవిడ ముగ్గురు కూతుళ్ళ సంగతీ అంతే.

అడవి సభకు కార్యదర్శి ఒక నక్క. ఎక్కడ నామకరణం జరిగినా విందు ఉంటుందనీ, విందులో మిగిలింది కార్యదర్శికే చెందుతుందనీ అతను ఉద్యోగంలో చేరిన వారంలోనే కనిపెట్టాడు. ఇక ఆగలేదు. కొండకు రాజుగారి తాత పేరు పెట్టించాడు. ఏటి రేవుకు పెట్టించాడు. బడికి, ఆస్పత్రికి, రెంటికీ మధ్యనున్న బాటకు కూడా పెట్టించాడు.

"ఆస్పత్రికి ఎటు పోవాలి?" అని అడిగితే, "ఘనకేసరి దిగి, ఘనకేసరి దాటి, ఘనకేసరి వెంబడే పోతే ఘనకేసరి వస్తుంది" అనేవారు. ఒక ముళ్ళపంది నొప్పులతో బయలుదేరి, దారి అడిగి అడిగి, చివరికి బడిలో ప్రసవించింది. పిల్లలను కొంగ మాస్టారు అక్కడికక్కడే ఒకటో తరగతిలో చేర్చుకున్నాడు.

పేరు పెట్టడానికి ఇంకేమీ మిగలక నక్క రెండు రోజులు పస్తున్నాడు. మూడో రోజు పందిగుంట కనబడింది.

గుంట గట్టున ఘనకేసరి అని పేరు పలక పెట్టి, గుంటకు అడ్డంగా పూలతీగ కట్టారు. రాజుగారు దాన్ని కొరికి ప్రారంభించారు. "మా తాతగారు ఈ ప్రాంతం మీదుగా ఓసారి నడిచారు" అని ఉపన్యసించారు. తవ్వినావిడ ఎవరని ఎవరూ అడగలేదు. ఆవిడ వెనక వరసలో పిల్లలను సముదాయిస్తూ నిలబడింది.

అదే సభలో నక్క ఒక తీర్మానం చదివాడు: "ఘనకేసరి నామధేయం గలది ఏదైనను ఘనకేసరి వంశమునకే చెందును. దాని ఆలనాపాలనా ఆ వంశమే చూసుకొనును." ఆలనాపాలనా అన్న మాట వినసొంపుగా ఉందని వేశాడు, అంతే. అందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాడు గుంట దగ్గర దుమ్ములగొండి కాపలా నిలబడింది.

"పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా రాజవంశం వాళ్ళకే. మీరు చీకటిపడ్డాక రండి."

"చీకటిపడ్డాక చల్లగానే ఉంటుంది కదయ్యా. పిల్లలకు బురద కావాల్సింది మధ్యాహ్నం."

"అది రాజుగారికి చెప్పుకో."

రాజవంశం ఒక్కనాడూ ఆ గుంటలో కాలు పెట్టలేదు. సింహానికి బురదంటే రోత. నాలుగు రోజులకు నాంచారమ్మ ఆఖరి పిల్ల చెవులు ఎండకు బొబ్బలెక్కాయి. ఐదో రోజు అది పాలు తాగడం మానేసింది.

నాంచారమ్మ నక్క దగ్గరికి వెళ్ళింది.

"ఏమ్మా, తీర్మానం అర్థం కాలేదా?" అన్నాడు నక్క.

"అర్థం చేసుకుందామనే వచ్చానండి. ఆ పేరున్నది ఏదైనా రాజుగారిదేనా?"

"ఏదైనా!"

"ఆలనాపాలనా కూడా వారిదేనా?"

"అక్షరాలా!"

"ఆడదాన్ని, మళ్ళీ మర్చిపోతాను. ఆకు మీద రాసి ముద్రేసి ఇవ్వండి."

నక్కకు జాలేసింది. రాసి, పంజా ముద్ర వేసి ఇచ్చాడు. ఆ ఆకును ఆవిడ నోట కరుచుకుని నేరుగా కోతి చంద్రి దగ్గరికి వెళ్ళింది.

"అక్కా, నీకు పిచ్చి పట్టిందా? సింహం గుహలో పిల్లల్నా? తినేస్తారే!" అంది చంద్రి విషయం విని.

"తాత పేరున్నవాణ్ణి తింటే తాతను తిన్నట్టే. ఆ ఇంట్లో చచ్చిన తాతంటే ఎంత భయమో నీకు తెలీదు. అయినా నేను గుహ వెనక పొదలోనే ఉంటాను. కుయ్ అంటే దూరతాను. నా కోరలు చూశావుగా."

"మరి నావి నలుగురున్నారు..."

"తీసుకురా."

మర్నాడు రాజుగారికి పిలుపు వెళ్ళింది, ఆయన గుహ ముంగిట్లోనే పందిపిల్లల నామకరణమని. నక్క అందరికంటే ముందొచ్చి కూర్చున్నాడు.

"ఆరుగురికీ తమ తాతగారి పేరే పెడుతున్నానండి, ఘనకేసరి అని."

"ఆడపిల్లలకు కూడానా?" రాజుగారి కళ్ళు చెమర్చాయి.

"ఆడపిల్లలకు కూడానండి. వస్తాను మరి."

"పిల్లలను మర్చిపోయావు!"

"నావెక్కడివండీ? తీర్మానం ప్రకారం తమవే కదా!" అంటూ ఆకు రాజుగారి ముందు పెట్టి దండం పెట్టింది. వెనకాలే చంద్రి నలుగురిని దింపింది. ఆ వెనక ముంగిస, ముళ్ళపంది, కుందేలు, లేడి... పొద్దు నడినెత్తికొచ్చేసరికి గుహలో నలభై ముగ్గురు ఘనకేసరులు తేలారు.

"ఏమేవ్, వీళ్ళ సంగతి చూడు" అన్నాడు రాజు.

రాణిగారు ఆకును ఒకటికి రెండుసార్లు చదివింది.

"ఇందులో నా పేరెక్కడా లేదండీ. నేను వేటకు పోతున్నాను" అని వెళ్ళిపోయింది. ఎప్పుడొస్తుందో చెప్పలేదు.

రాజుగారు జీవితంలో మొదటిసారి పిల్లల మధ్య కూర్చున్నారు.

"ఘనకేసరీ! ఆ తోక వదులు!" అని గర్జించారు. నలభై ఇద్దరు ఉలిక్కిపడి ఏడుపు లంకించుకున్నారు. తోక పట్టుకున్నవాడు మాత్రం వదల్లేదు.

"కొంగ మాస్టారిని పిలు!" అన్నారు. ఆయన వచ్చి హాజరు తీశాడు. "ఘనకేసరి" అన్నాడు. "హాజరండీ!" అని అందరూ ఒక్కసారే అరిచారు. మాస్టారు పుస్తకం మూసి, హాజరు పూర్తయిందని చెప్పి ఎగిరిపోయాడు.

"వీళ్ళేం తింటారయ్యా?" అని నక్కను అడిగారు.

"ప్రభూ, వాళ్ళమ్మలను అడగాలి..."

"ఆలనాపాలనా మాదని రాసింది నువ్వు కదూ? నువ్వే చూడు!"

నక్క ఒక ముళ్ళపంది పిల్లను ఎత్తుకున్నాడు. ఆ తర్వాత చాలా సేపు ఏమీ ఎత్తుకోలేకపోయాడు.

ఇంతలో ఎండ ముదిరింది. పందిపిల్లలు రొప్పడం మొదలుపెట్టాయి. చెవులు బొబ్బలెక్కిన ఆఖరిది కళ్ళు తేలేసింది. పొదలో నాంచారమ్మ లేచి నిలబడింది. కోరలు నేలకు ఆనించింది. ఇంకో క్షణమైతే దూకేదే.

"అయ్యయ్యో, ఇది చస్తుందేమోనయ్యా! మా తాత పేరున్న పిల్ల! దీనికేం కావాలి?" అని రాజు గాభరా పడ్డాడు.

"బురద!" అని ఐదుగురు అక్కచెల్లెళ్ళూ అన్నదమ్ములూ కలిసి అరిచారు.

రాజు ఆ పిల్లను స్వయంగా నోట కరుచుకుని పరిగెత్తాడు. వెనకాల నలభై ఇద్దరు. గుంట దగ్గర దుమ్ములగొండి అడ్డం వచ్చింది.

"ఆగండి! పగలు రాజవంశానికే..."

రాజు పిల్లను బురదలో దించి, "వీళ్ళంతా రాజవంశమేరా సన్నాసీ! తప్పుకో!" అన్నాడు. రోత పడుతూనే మోకాళ్ళ దాకా దిగి, దాని చెవులకు బురద పూశాడు. పిల్ల ఒకసారి తుమ్మింది. కళ్ళు తెరిచి ఆయన మీసం పీకింది.

గుంట దాకా వెంటే పరిగెత్తుకొచ్చిన నాంచారమ్మ ఒక పొద మాటున కూలబడింది. ఈసారి నేల వాసన చూసుకోలేదు.

సాయంత్రానికి రాజుగారు గట్టు మీద చతికిలబడి ఉండగా ఆవిడ ఎదురొచ్చి దండం పెట్టింది.

"తల్లీ, వీళ్ళను తీసుకుపో."

"పేరు తమది కదండీ."

"పేరు తీసేస్తాను."

"పిల్లలది మాత్రమేనా అండి?"

రాజు గుంట మీది పేరు పలక వైపు చూశాడు. అప్పటికే ఇద్దరు ఘనకేసరులు దాని మీద జారుడుబండ ఆడుతున్నారు. "అదీ తీసేయండి. తీర్మానం రద్దు" అన్నాడు.

"ప్రభూ, తాతగారి జ్ఞాపకార్థం ఏదైనా ఒక్కటి..." అని నక్క నసిగాడు.

"ఆయన నన్నెప్పుడైనా ఎత్తుకున్నాడా అని ఇందాకటి నుంచి ఆలోచిస్తున్నానయ్యా. గుర్తు రావట్లేదు."

రాణిగారు పదకొండో రోజు తిరిగొచ్చింది. వచ్చీ రాగానే ముగ్గురు కూతుళ్ళకూ మూడు పేర్లు పెట్టింది. విందు పెట్టలేదు.

నాంచారమ్మ పై ఎండాకాలానికి ఇంకో రెండు గుంటలు తవ్వింది. పేరు పెట్టడానికి ఎవరూ రాలేదు.

నీతి: పిల్లలకు తండ్రి వంశం పేరు పెట్టడంలో తప్పేమీ లేదు, పేరుతో పాటు పిల్లలను కూడా అక్కడే దింపి రాగలిగితే.