విద్వాంసులవారు ఏకాంతంలో విన్న పాట

సుప్రసిద్ధ వయొలిన్ విద్వాంసులవారు గడచిన ఏడాదిలో చిన్నపిల్లల పళ్ళు తోముడు పాటను తొమ్మిది వేల నూట నాలుగు సార్లు విన్నారని సంగీతాభిమానులందరికీ సంతోషంతో తెలియజేస్తున్నాము. రెండో స్థానం, రెండు గంటలపాటు ఎడతెగకుండా కురిసే వాన చప్పుడుకు దక్కింది. మూడో స్థానం ఖాళీగా ఉంది. ఆయన మూడోది ఏదీ వినలేదు.

ఇవి గాలి కబుర్లు కావు. పాటలు వినిపించే యాప్ కంపెనీవారు ఏడాది చివర ప్రముఖులు విన్న పాటల జాబితాలు తయారుచేసి, చుట్టూ పూలబొమ్మలు వేసి లోకమంతటికీ పంచిపెట్టారు. కంప్యూటరు అబద్ధం చెప్పదు. చెప్పవలసిన అవసరం దానికి లేదు.

అసలు సంగతి బయటపెట్టడం మర్యాద కాదు గానీ, మీరు మనవాళ్ళే కాబట్టి చెబుతాం. సదరు కంపెనీవారు విద్వాంసులవారికి గౌరవ సూచకంగా జీవితకాలపు సభ్యత్వం ఇచ్చారు. ఆయన దాన్ని ఒక్కసారైనా తెరిచి చూడలేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా శిష్యుల అపస్వరాలు విన్న మనిషి ఇంటికొచ్చి మళ్ళీ పాటలు పెట్టుకుంటాడా? మిఠాయి కొట్టు యజమాని ఇంట్లో తీపి ముడతాడా? ఆయన ఏకాంతంలో చేసే పని ఒక్కటే. వంటగదిలో నిలబడి, కూతురు వద్దు మొర్రో అంటున్నా వినకుండా, ఉల్లిపాయలు సన్నగా తరుగుతారు. తరిగినంతసేపు ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు.

అంత మంచి సభ్యత్వం వృథాగా పోతోందని అల్లుడు బాధపడ్డాడు. అల్లుడు పళ్ళ డాక్టరు. క్లినిక్కులో లోపలి డ్రిల్లింగ్ చప్పుడు బయట కూర్చున్నవారికి వినిపిస్తే సగంమంది నొప్పి తగ్గిపోయిందని లేచిపోతున్నారు. అందుకని మామగారి సభ్యత్వంతో హాల్లో వాన చప్పుడు కురిపించాడు. పిల్లలు కూర్చునే మూల పళ్ళ పాట తిప్పించాడు. పాట ఇది: పైన పళ్ళు తోము, కింద పళ్ళు తోము, మూల నక్కిన దొంగ పన్ను ముందు తోము. ఇదే రెండు నిమిషాలు.

జాబితా వెలువడగానే సంగీత పరిషత్తు అత్యవసరంగా సమావేశమైంది. అధ్యక్షులవారు లేచి కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

“మహానుభావులకూ మనకూ తేడా ఇక్కడే ఉంది! మనమూ రోజూ పళ్ళు తోముకుంటాం. ఏం లాభం? తోముకుని ఊరుకుంటాం! ఆయన ఊరుకోలేదు. తొమ్మిది వేల నూట నాలుగు సార్లు ఊరుకోలేదు!”

సభ్యులు చప్పట్లు కొట్టారు. వాన చప్పుడును అధ్యయనం చేయడానికి ముగ్గురితో ఉపసంఘం వేశారు. తొలి సమావేశానికి ఇద్దరు గొడుగులతో వచ్చారు. మూడోవారు జలుబు చేసిందని రాలేదు.

శిష్యులు కూడా వెనకబడలేదు. తెల్లవారుజాము సాధనలో సరళీ స్వరాలు మానేసి పళ్ళ పాట అందుకున్నారు. పెద్ద శిష్యుడు ఒక అడుగు ముందుకేసి, ఆ పాటను గురువుగారు పదిహేనేళ్ళ కిందటే తన చెవిలో రహస్యంగా ఉపదేశించారని పత్రికలకు చెప్పాడు. ఆ పాట పుట్టి నాలుగేళ్ళే అయింది. కానీ శిష్యుడి భక్తి ముందు తేదీలు ఏపాటివి?

ఇక విమర్శకుడు. ఈ పెద్దమనిషి కచేరీలో మొదటి వరసలో కూర్చుని, మొదటి స్వరం నుంచి చివరి స్వరం దాకా కుడిపక్కాయనకూ ఎడమపక్కాయనకూ ఏం జరుగుతోందో విడమరిచి చెబుతారు. అందువల్ల ఆయన విన్న కచేరీ ఒక్కటీ లేదు, రాయని కచేరీ కూడా లేదు. విద్వాంసులవారు ముప్పై ఏళ్ళ కిందట కట్టిన బాణీల్లో పళ్ళ పాట ప్రభావం ఎలా ఉందో ఆయన అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు రాశారు. ముప్పై ఏళ్ళ కిందట ఆ పాట లేదు కదా అని ఒక పాఠకుడు ఉత్తరం రాస్తే, “నిజమైన ప్రభావం ముందు నుంచీ ఉంటుంది” అని జవాబిచ్చారు. ఆ పాఠకుడు సిగ్గుపడ్డాడు.

విద్వాంసులవారు ఊరుకున్నారా? లేదు. విలేఖరులను పిలిచి, “బాబూ, నేను ఆ పాట వినలేదు. అది మా అల్లుడి క్లినిక్కులో మోగుతోంది” అని ఉన్నదున్నట్టు చెప్పారు. వినయానికి మారుపేరు అని మర్నాడు రాశారు. రెండోసారి కోప్పడ్డారు. తన మూలాలను ఎవరూ తాకకుండా గర్జించే సింహం అని రాశారు. మూడోసారి నోరు విప్పలేదు. మౌనం అర్ధాంగీకారమన్నారు.

ఇంత సరదాలోనూ ఆయన్ని నిజంగా బాధపెట్టిన సంగతి ఒకటుంది. మూడేళ్ళుగా ఆయన పదకొండు నిమిషాల రచన ఒకటి చేస్తున్నారు. నలభై ఏళ్ళుగా వాయిస్తున్నా తన పని తనకెప్పుడూ నచ్చని మనిషి, అది పూర్తయిన రోజున కమాను కింద పెట్టి కూతుర్ని పిలిచారు.

“అమ్మాయ్, ఇది బాగానే వచ్చినట్టుందే. ఎవరైనా ఒక్కరు సరిగ్గా విని అవునో కాదో చెబితే చాలు.”

“నేను విన్నాగా నాన్నా. చాలా బాగుంది.”

“నువ్వు కూతురివి. నీ మాట చెల్లదు.”

ఆ రచన వినడానికి పరిషత్తువారే కచేరీ పెట్టారు. హాలు కిటకిటలాడింది. తలుపు దగ్గర ప్రతివారికీ పళ్ళ పాట అచ్చేసిన కాగితం, ఒక పెన్సిలూ ఇచ్చారు. ప్రభావం ఎక్కడ కనబడితే అక్కడ గీత పెట్టుకోవాలి. నాలుగో నిమిషంలో ఎవరో “అదిగో దొంగ పన్ను!” అన్నారు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మిగతా ఏడు నిమిషాలు ఆ చప్పట్లలోనే కలిసిపోయాయి. చివర అధ్యక్షులవారు రెండడుగుల వెండి బ్రష్షు బహూకరించారు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే వాడు కనీసం శంఖం వైపైనా చూస్తాడు. వీళ్ళు కాగితాల వైపు చూశారు. విద్వాంసులవారికి ఏడుపొచ్చింది. ఆనందబాష్పాలని ఫొటో తీశారు.

మర్నాడు పొద్దున్నే ఆయన కూతురి ఫోనులో తన రచన రికార్డు చేయించుకుని క్లినిక్కుకు వెళ్ళారు.

“అల్లుడుగారూ, ఆ వానా, పళ్ళ పాటా కాసేపు ఆపి ఇది పెట్టించండి.”

“వాన ఆపితే లోపలి చప్పుడు వినిపిస్తుంది మామయ్యగారూ. పేషెంట్లు పారిపోతారు.”

“పదకొండు నిమిషాలు మీరు డ్రిల్లింగ్ మానేయండి. ఎవరి పళ్ళూ ఎక్కడికీ పోవు.”

అల్లుడు మాట కాదనలేకపోయాడు. విద్వాంసులవారు మొహానికి మాస్కు తగిలించుకుని మూల కుర్చీలో కూర్చున్నారు. శాలువా, వయొలినూ లేవు కాబట్టి ఆయన్ని ఎవరూ గుర్తుపట్టలేదు. ఎదురుగా దవడ వాచిన బస్సు కండక్టరమ్మ. ఆ పక్కన, చిగుళ్ళకు మత్తు సూది వేయించుకుని నోటినిండా దూదితో, సాక్షాత్తూ విమర్శకుడు!

రచన మొదలైంది. విమర్శకుడు అలవాటుగా కండక్టరమ్మ వైపు తిరిగి వివరించబోయాడు. నాలుక కదల్లేదు. చేసేదేమీ లేక విన్నాడు. పుట్టి బుద్ధెరిగాక పదకొండు నిమిషాలు నోరు మూసుకుని వినడం ఆయనకదే మొదలు. ఐదో నిమిషంలో వీపు నిటారుగా పెట్టాడు. ఎనిమిదో నిమిషంలో కళ్ళు చెమర్చాయి. రచన అయిపోయాక చీటీ రాసి రిసెప్షన్లో అమ్మాయికిచ్చాడు. ఆ అమ్మాయి పైకి చదివింది.

“నా జన్మలో ఇంత మంచి సంగీతం వినలేదు. ఎవరిది?”

విద్వాంసులవారికి ఎంత సంతోషం వేసిందంటే, మాస్కు పీకేసి ఆయన్ని కావలించుకుందామని సగం లేచారు.

“ఇదాండీ? మా డాక్టరుగారి మామగారు, వయొలిన్ విద్వాంసులవారు వాయించిందేనండీ” అంది ఆ అమ్మాయి.

విమర్శకుడు చీటీ వెనక్కి లాక్కున్నాడు. రాసింది అడ్డంగా కొట్టేసి, కింద స్ఫుటంగా రాశాడు: పళ్ళు తోముడు పాట ప్రభావం స్పష్టం.

విద్వాంసులవారు మళ్ళీ కూర్చున్నారు. కండక్టరమ్మ దవడ పట్టుకుని, “ఎవరిదైతే నాకేంటమ్మా, ఇంకోసారి పెట్టు. నా నంబరు వచ్చినా పర్లేదు, వెనకవాళ్ళని పంపు” అంది. ఆయన మాస్కు చాటున చిన్నపిల్లాడిలా నవ్వుకున్నారు. ఒక్కరు చాలన్నారు, ఒక్కరు దొరికారు.

పాఠకులు వివేకవంతులు కనుక ఆ విమర్శకుణ్ణి చూసి నవ్వుకుంటూ ఉంటారు. నవ్వుకోండి. ఇక్కడిదాకా చదివేసరికి పళ్ళ పాట మీకు కంఠతా వచ్చేసి ఉంటుంది, సాయంత్రంలోగా కూనిరాగం కూడా తీస్తారు. ఆ పదకొండు నిమిషాల రచనకు విద్వాంసులవారు మూడేళ్ళు ఆలోచించి ఒక పేరు పెట్టారు. మేము చెప్పలేదు. మీరూ అడగలేదు.