పంతొమ్మిది, నలభై మూడు, సున్నా

కొళాయిలు తయారుచేసే ఆ కంపెనీలో కంప్యూటర్ల సంగతి చూసే ఆయన్ని అందరూ పాస్‌వర్డు గారు అంటారు. తమ పాస్‌వర్డు మర్చిపోయినప్పుడు తప్ప ఆయన ఎవరికీ గుర్తురాడు మరి.

ఆ రోజు పొద్దున ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా వర్చువల్ మెషీన్లు లెక్కపెట్టడం, పన్నెండుకల్లా వాటి ఆపరేటింగ్ సిస్టమ్ లైసెన్సుల కోసం ఫారం నింపడం, నాలుగింటికి కంపెనీ యజమాని పెద్దాయన ఊరెళ్ళేలోపు సంతకం పెట్టించుకోవడం. ఆ సంతకం మీద ఇంకో సంతకం ఆధారపడి ఉంది. అంతకుముందు ఆ కుర్చీలో కూర్చున్నతను సర్వరు లైసెన్సులకు బదులు మామూలు కంప్యూటర్లవి ఇరవై కొని ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఈసారి సరైనవి కొంటే పర్మనెంట్ చేస్తానని పెద్దాయన మాటిచ్చాడు. పాస్‌వర్డు గారు రెండేళ్ళుగా భార్యాపిల్లలతో బావగారి మేడ మీద ఒక్క గదిలో కాపురం ఉంటున్నాడు. వేరే ఇల్లు చూసుకున్నారు గాని, పర్మనెంట్ ఉత్తర్వు రేపటిలోగా చూపిస్తేనే తాళాలు ఇస్తానంది ఆ ఇంటి ఓనరమ్మ.

వర్చువల్ మెషీన్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. కంపెనీకి ఉన్నది ఒకే ఒక్క పెద్ద సర్వరు. దాని లోపల సాఫ్ట్‌వేర్‌తోనే గదులు కట్టినట్టు కట్టి ఒకదాంట్లో జీతాలు, ఒకదాంట్లో బిల్లులు, ఇంకోదాంట్లో హాజరు నడుపుతారు. ప్రతి గదీ తానొక విడి కంప్యూటర్ననే అనుకుంటుంది. అలాంటివి పంతొమ్మిది తేలాయి. అందులో ఏడు ఎవరివో ఆయనకే తెలియదు. ఏ రకం లైసెన్సు కొనాలన్నదాని మీద నెల్లాళ్ళు చదివాడు గాని, ఎన్ని కొనాలన్నది ఫారమే చూసుకుంటుందనుకున్నాడు. అందులో ‘మెషీన్ల సంఖ్య’ అని ఒక గడి ఉండనే ఉంది.

ఆ ఏడింటి సంగతి తేల్చుకుందామని అన్ని విభాగాలకూ మెయిల్ పంపాడు. ఎవరూ వాడని మెషీన్లను తీసేస్తాం, మీకు కావలసినవేవో పదకొండులోగా తెలియజేయండి అని రాశాడు. బుద్ధి గడ్డి తిన్నదంటే అప్పుడే.

తీసేస్తాం అన్న మాట చూడగానే ఆఫీసంతా ఒక్కసారి నిటారుగా కూర్చుంది. అకౌంట్స్ మేనేజరు తమకు నాలుగు కావాలన్నాడు. అకౌంట్స్‌కే నాలుగైతే తమకు ఆరుకు తగ్గితే బాగుండదన్నాడు సేల్స్ మేనేజరు. డిజైన్ వాళ్ళు ఎండ తగలని చోట ఇప్పించమని కోరారు. సిబ్బంది వ్యవహారాలు చూసే ఆవిడ ఇంకా ఉద్యోగంలో చేరని మనిషి పేరు మీద ఒకటి రాయించింది. స్టోర్స్ ఆఫీసరైతే స్వయంగా మెట్లెక్కి వచ్చాడు.

“మా గోడౌన్లో కాలు పెట్టే చోటు లేదండీ. ఇవెక్కడ పెట్టుకోమంటారు?”

“అవి కనపడవండీ. సర్వరు లోపలే ఉంటాయి. చోటు అక్కర్లేదు.”

స్టోర్స్ ఆఫీసరు కాసేపు ఆలోచించాడు. “చోటు అక్కర్లేకపోతే ఇంకో రెండు ఎక్కువ రాయండి.”

పదకొండయ్యేసరికి లెక్క నలభై మూడుకు చేరింది. ఆ ఏడు అనాథ మెషీన్లకూ తలా ముగ్గురు బంధువులు పుట్టుకొచ్చారు. కొనుగోళ్ళ మేడం కాగితం చూసి, ఇరవై ఐదు దాటితే కమిటీ కూర్చోవాల్సిందేనంది. కమిటీలో ఉన్నది పొద్దున అడిగినవాళ్ళే. రెండింటికి కూర్చుని, నువ్వొకటి వదులుకుంటే నేనొకటి వదులుకుంటానని బేరాలాడుకుంటూ మూడింటిదాకా లాగారు.

ఈలోగా నలభై మూడు మెషీన్లు దిగుతున్నాయని ఎవరో ఎలక్ట్రీషియన్ చెవిన వేశారు. అతను పనిమంతుడు. పాత రికార్డుల గది తెరిపించి, ఫైళ్ళన్నీ వరండాలో గుట్టగా పోయించి, ప్లగ్గుల కోసం గోడల మీద సుద్దతో గుర్తులు పెట్టడం మొదలెట్టాడు. ప్రయాణానికి బయల్దేరిన పెద్దాయన ఆ గుట్ట తగిలి తూలిపడబోయాడు. ఇదంతా ఏమిటని అడిగితే ఎలక్ట్రీషియన్ కమిటీ గది వైపు వేలు చూపించాడు.

పెద్దాయన లోపలికి వచ్చి, కూర్చోకుండానే అడిగాడు. “ఈ నలభై మూడూ ఎవరెవరికి కావాలి?”

అందరూ బల్ల వైపు చూశారు. అకౌంట్స్ మేనేజరు తమకసలు అవసరమే లేదన్నాడు. సేల్స్ మేనేజరు ఏదో మాటవరసకు రాశానన్నాడు. స్టోర్స్ ఆఫీసరు తన దగ్గర చోటే లేదన్నాడు. రెండు నిమిషాల్లో నలభై మూడు కాస్తా సున్నా అయి కూర్చుంది. ఎవరికీ అక్కర్లేనప్పుడు ఉన్నవి కూడా తీసేయమన్నాడు పెద్దాయన. అందరూ తలూపారు.

“తీసేస్తే ఒకటో తారీఖున జీతాలు రావండీ,” అన్నాడు పాస్‌వర్డు గారు నోరు పెగుల్చుకుని.

ఊగుతున్న తలలు ఆగిపోయాయి. పెద్దాయన గడియారం చూసుకున్నాడు. “మరి నీ లెక్క ఎంతయ్యా?”

పంతొమ్మిది అని చెప్పేయొచ్చు. చూసుకున్న ఇంటి వంటింటి కిటికీ కూడా కళ్ళ ముందు మెదిలింది. కానీ పొద్దుట్నుంచి తాను లెక్క అనుకుంటున్నది నిజంగా లెక్కేనా అని అప్పుడే మొదటిసారి అనుమానం వచ్చింది.

“నాకు తెలీదండీ. అమ్మేవాళ్ళకే ఫోన్ చేసి అడుగుతాను.”

ఆ గదిలో ఇంతవరకూ తెలీదన్న పాపాన ఎవరూ పోలేదు. సేల్స్ మేనేజరు తన కుర్చీ కాస్త అవతలికి జరుపుకున్నాడు.

ఫోను బల్ల మీద పెట్టి అందరికీ వినపడేలా చేశాడు. అవతల మాట్లాడిన ఆవిడ మెషీన్లు ఎన్నో అడగనేలేదు. సర్వర్లు ఎన్నని అడిగింది. ఒకటేనన్నాడు. దాని ప్రాసెసర్లలో లెక్కలు చేసే భాగాలు, అంటే కోర్లు, ఎన్నని అడిగింది. ముప్ఫై రెండన్నాడు.

“అయితే ఆ ముప్ఫై రెండు కోర్లకూ పెద్ద రకం లైసెన్సు తీసుకోండి, సరిపోతుంది. లోపల పది మెషీన్లు పెట్టుకుంటారో వంద పెట్టుకుంటారో మీ ఇష్టం.”

“మరి మెషీన్ల సంఖ్య అని గడి ఉందండీ.”

“అది మీ ఫారంలోదండీ. మాకు దాంతో పని లేదు.”

పెద్దాయన అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. లైసెన్సుల ఫారం మీద సంతకం చేసి, సంచిలోంచి ఇంకో కాగితం తీసి దాని మీదా చేశాడు.

“ముందతను కొన్నాక అడిగాడు. నువ్వు కొనకముందు అడిగావు,” అని కాగితం చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

పాస్‌వర్డు గారు వరండాలోకి వచ్చి ఆ ఫైళ్ళ గుట్ట మీదే కూలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గుండెల మీంచి ఆ మేడమీది గది మొత్తం దిగిపోయినట్టనిపించింది. భార్యకు ఫోన్ చేసి చెప్పాడు. ఆవిడ వెంటనే అడిగింది.

“కాగితం చేతిలో ఉందా, లేక మాటేనా?”

“చేతిలోనే ఉంది.”

“మడతపెట్టకుండా తీసుకురండి.”

లోపల ఎన్నయినా పెట్టుకోవచ్చని తెలిశాక విభాగాల వాళ్ళంతా మర్నాడే మళ్ళీ మెయిళ్ళు రాశారు. ఇప్పుడు ఆ సర్వరులో యాభై నాలుగు మెషీన్లు నడుస్తున్నాయి. వాటిలో ముప్ఫై అయిదింటిని ఇంతవరకూ ఎవరూ తెరిచి చూడలేదు.